శేషమాపకం

పాఠ్య ప్రణాళిక కమిటీ ఛైర్మన్ త్రివిక్రమరావు గారి నెత్తిన టోపీ బిగించి, డాక్టర్ హయగ్రీవ్ స్విచ్ నొక్కాడు.

"మీరేమీ జవాబు చెప్పక్కర్లేదు సార్. ఊరికే వింటే చాలు" అన్నాడు.

యంత్రం తొందరేమీ లేని ఆడగొంతుతో, "వర్గ సమీకరణం" అంది.

గోడ మీద తెర నల్లగానే ఉండిపోయింది.

"కిరణజన్య సంయోగక్రియ."

తెర మీద ఒక మూల పసుపు చుక్క ఒకటి వెలిగి ఆరిపోయింది.

"పానిపట్టు యుద్ధం" అన్నా నలుపే. ఆమ్లాలు, క్షారాలు అన్నా నలుపే. కమిటీ సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి యంత్రం "ఈత" అంది. అంతే, తెర ఈ చివర నుంచి ఆ చివరకి ఆకుపచ్చగా వెలిగిపోయింది.

"అది బడిలో నేర్చుకున్నది కాదయ్యా! బడి ఎగ్గొట్టి కాలవలో నేర్చుకున్నది" అన్నారు ఛైర్మన్ గారు కంగారుగా. హాలంతా నవ్వింది. "నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. నీ మెషీన్ పాడైనట్టుంది చూసుకో."

"మెషీన్ బాగానే ఉంది సార్. మొన్న నాదీ చూసుకున్నాను. ఇంచుమించు ఇంతే" అన్నాడు హయగ్రీవ్.

ఆ నవ్వులో కలవని మనిషి ఒక్కతే ఉంది. ఆఖరి వరసలో కూర్చున్న దీవెనమ్మ. బందరు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. ఉపాధ్యాయుల తరఫున ఒకరైనా ఉండాలి కాబట్టి ఆమెను కమిటీలో వేశారు. దీవెనమ్మకి అనుమానం ఎక్కువని స్టాఫ్ రూమంతా అంటుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పాలవాడు ఒకరోజు పాలు చిక్కగా పోస్తే, ఇవాళ ఏం కలిపావయ్యా అని అడిగే రకం.

అప్పటికి బందరులో ఎండలు ముదిరిపోయి, రోడ్ల మీద సోలార్ పందిళ్ళు వేసేశారు. బడులు తెల్లవారుజామునే తెరిచి, పది దాటకుండా మూసేసేవారు. ఆ కాసిని గంటల్లో ఏం చెప్పాలి, ఏం మానాలి అన్నది పెద్ద తగువైంది. ఆరు నుంచి పది తరగతుల దాకా పాఠ్య ప్రణాళికని మొదటి నుంచీ మళ్ళీ రాయాలనీ, అది విశాలంగా ఉండాలనీ, ఏ బిడ్డనీ బయట పెట్టకూడదనీ ప్రభుత్వం నిర్ణయించింది. కమిటీలో ప్రతివాడూ తన సబ్జెక్టే లోకానికి మూలమన్నాడు. తగువు తీర్చడానికి హయగ్రీవ్ ఈ యంత్రం తెచ్చాడు. దాని పేరు శేషమాపకం.

అది పనిచేసే తీరు తేలికే. మనం ఒక మాట విన్నప్పుడు, దానికి సంబంధించిన జ్ఞాపకం మెదడులో ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడి న్యూరాన్లు క్షణంపాటు మెరుస్తాయి. మనకి గుర్తొచ్చినట్టు అనిపించినా, అనిపించకపోయినా మెరుపు మెరుపే. టోపీలోని సెన్సర్లు దాన్ని పట్టుకుని తెర మీద రంగుగా చూపిస్తాయి. పచ్చ రంగు వస్తే విషయం మిగిలింది, వాడుకోవడమూ వచ్చు. పసుపు వస్తే పేరు మాత్రం మిగిలింది. ఎరుపైతే భయం ఒక్కటే మిగిలినట్టు. నలుపు సంగతి చెప్పేదేముంది. బడి జీవితమంతటినీ భాగిస్తే చివరికి మిగిలే శేషాన్ని ఈ టోపీ కొలుస్తుందన్నమాట.

"ఊళ్ళూళ్ళూ తిరిగి వేలమందిని కొలిచామండీ" అన్నాడు హయగ్రీవ్. "మిగిలినవే పాఠాల్లో పెడదాం. ఎవరికీ మిగలనివాటి కోసం పిల్లల ప్రాణం తీయడమెందుకు?"

దీవెనమ్మ లేచి నిలబడింది. "ఏవండీ డాక్టరుగారూ, లెక్కలకి ఏ రంగొచ్చింది?"

హయగ్రీవ్ కాస్త తటపటాయించాడు. "కూడికలూ తీసివేతలూ పచ్చే. ఆ పైన... ఎక్కువమందికి నలుపు. కొందరికి ఎరుపు."

"అంటే తీసేస్తారా?"

"అందరికీ బలవంతం చెయ్యం. ఆసక్తి ఉన్నవాళ్ళకి..."

ఆసక్తి అన్న మాట వినగానే దీవెనమ్మ ఒళ్ళు మండింది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడు ఆమే, అన్న యేసుపాదమూ చదివిన బడిలో లెక్కల సారు గది గుమ్మంలో నిలబడి, పేట పిల్లల్ని వేలితో ఏరేవాడు. "మీ చేతులు పనికి అలవాటైన చేతులర్రా. ఇది మీకు కాదులే. పోయి మొక్కలకి నీళ్ళు పొయ్యండి" అనేవాడు. మాట మెత్తగానే ఉండేది, పైగా మెచ్చుకున్నట్టుండేది. రేకు డబ్బాలు పుచ్చుకుని అన్నాచెల్లెళ్ళిద్దరూ తోటలోకి పోయేవాళ్ళు. యేసుపాదం కొన్నాళ్ళు డబ్బాని కాలితో తన్ని, ఆ తర్వాత బడినే తన్నేసి వెళ్ళిపోయాడు. దీవెనమ్మ మాత్రం లెక్కల గది కిటికీ కింది బంతిమొక్కల దగ్గరే తచ్చాడుతూ, లోపలి పాఠం వింటూ ఉండిపోయింది. అలాంటి మనిషికి విశాలమనీ, అందరినీ కలుపుకోవడమనీ ఎవరైనా తియ్యగా చెబితే, ముందు గుర్తొచ్చేది ఆ రేకు డబ్బాయే.

"నా తలకి పెట్టండి మీ టోపీ" అంది.

పెట్టారు. యంత్రం "త్రికోణమితి" అనగానే తెర పచ్చబారింది. ఏ మాటన్నా పచ్చే. హయగ్రీవ్ కళ్ళు పెద్దవి చేసుకుని ఇంకో స్విచ్ నొక్కాడు. ఏ జ్ఞాపకమూ ఒంటరిగా ఉండదు, నేర్చుకున్నప్పటి వాసనో చప్పుడో దాన్ని అంటుకునే ఉంటుంది. ఆ స్విచ్ వాటిని బయటికి లాగుతుంది. తెర మీద అక్షరాలు పడ్డాయి. తడిమట్టి, ఎండ, బంతిపూలు, రేకు డబ్బా.

దీవెనమ్మ టోపీ పీకి బల్ల మీద పడేసింది. "ఎవరు చెప్పారు మీకు? మా పేటకెళ్ళి విచారించొచ్చారా?"

"ఎవరూ చెప్పలేదండీ. మీ జ్ఞాపకమే చెప్పింది."

ఆమె నమ్మలేదు. ఊరక రారు మహాత్ములు అంటారు కదా. ఈయన ఎవరి తరఫున వచ్చాడో, కాన్వెంటు పిల్లలకి లెక్కలుంచి సర్కారు బడి పిల్లలకి ఎసరు పెట్టడానికే ఈ టోపీ కుట్టించారేమోనని ఇంటికెళ్ళే దారంతా ఆలోచించింది.

కానీ కమిటీ తయారుచేసిన ప్రణాళిక చూస్తే తప్పు పట్టడానికేమీ దొరకలేదు. ఈత, వంట, కుట్టుపని, పాట, తోటపని, కబడ్డీ, ప్రథమ చికిత్స అన్నీ చేరాయి. చెవులు వినపడని పిల్లల సైగల భాష తరగతిలో అందరూ నేర్చుకోవాలి. చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ ఆడలేని ఆట ఏదీ ఉండకూడదు. లంబాడీ పిల్ల తన ఇంటి భాషలో కథ చెబితే మిగతావాళ్ళు కూర్చుని వినాలి. ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ ఒకటే చట్టం. చదువుతుంటే దీవెనమ్మకే ముచ్చటేసింది. అయినా పైన పటారం లోన లొటారమేమోనని ఆఖరి పేజీ దాకా తిరగేసింది. లెక్కలకి వారానికి ఒక్క పీరియడ్. ఇష్టమైనవాళ్ళు కూర్చోవచ్చు. పరీక్ష లేదు, మార్కుల్లేవు.

"మార్కుల్లేకపోతే లెక్కలు ఎవరు నేర్చుకుంటారండీ?" అని మీటింగులో బల్ల గుద్ది అరిచింది.

"అదీ నిజమే. మార్కుల్లేకపోతే ఎవడు నేర్చుకుంటాడు?" అన్నారు త్రివిక్రమరావు గారు. ఆయనకి అందులో ఇంకో సంగతి తట్టింది. "లెక్కల సంగతి సరే. ఈతకీ, కబడ్డీకీ, పాటకీ మార్కులు వేశారా లేదా? వెయ్యలేదా! వెయ్యండి. ప్రతిదానికీ సిలబస్, స్లిప్ టెస్టు, రికార్డు ఉండాల్సిందే. లేకపోతే తల్లిదండ్రులు ఊరుకుంటారా?"

"సార్, మీరు ఈత నేర్చుకున్నప్పుడు..." అంటూ హయగ్రీవ్ ఏదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. మార్కులన్నది అక్కడున్న అందరికీ గాలీ నీరూ లాంటిది. దీవెనమ్మ కూడా ఛైర్మన్ మాటకి తలూపింది. ఆమె గోలంతా ఆ మార్కులు లెక్కలకి దక్కలేదనే. ఎంత అరిచినా దక్కలేదు.

ఆ సాయంత్రం యేసుపాదం ఆటో తెచ్చి ఆమె గుమ్మంలో ఆపాడు. మనవరాలు కెజియాని ఎనిమిదో తరగతి దాకా లాక్కొచ్చింది ఆయనే. దాన్ని ఇంజనీరు చెయ్యాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక.

"లెక్కలు ఎత్తేశారంటగా. నువ్వు ఆ మీటింగులో కూర్చుని టీ తాగొచ్చావా చెల్లెమ్మా?"

"ఎత్తెయ్యలేదన్నా. వారానికి ఒకటుంది."

"చాల్లే. మనల్ని తోటలోకి తోలారు. ఇప్పుడు నా మనవరాల్ని తోలతారు. అప్పుడా సారు తోలాడు, ఇప్పుడు నువ్వు సంతకం పెట్టి తోలావు" అని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. దీవెనమ్మ తనలో తను లెక్కేసుకుంది. వారానికి ఒక్క పీరియడ్ తో కెజియాని ఎక్కడిదాకా తీసుకెళ్ళగలదు? పీరియడ్లు దొంగిలించైనా సరే ఆ పిల్లలకి లెక్కలు చెప్పి తీరాలనుకుంది.

పీరియడ్లు దొంగిలించడం మన బడుల్లో పాత విద్యే. గోడ మీద టైంటేబుల్లో ఆటలని ఉంటుంది, డ్రాయింగని ఉంటుంది. ఆ గంట కొట్టేసరికి లెక్కల సారు సుద్దముక్క పట్టుకుని గుమ్మంలో ఉంటాడు. పిల్లలు ఉసూరుమంటారు. దీవెనమ్మ ఆ విద్యలో ఆరితేరిన మనిషి. కొత్త ఏడాది మొదలవగానే అలవాటు ప్రకారం వ్యాయామం సారు ఖాజా మొహిద్దీన్ దగ్గరికి వెళ్ళింది.

"ఖాజా సార్, ఇవాళ మీ పీరియడ్ నాకిచ్చెయ్యండి."

ఆయన తలెత్తలేదు. ఎర్ర ఇంకుతో కబడ్డీ రికార్డులు దిద్దుతున్నాడు. "కుదరదు మేడం. నా పోర్షనే అవ్వలేదు. కూత పట్టే పద్ధతులు ఇంకా మిగిలిపోయాయి. పదిహేను మార్కుల ప్రశ్న అది. అసలు మీ శుక్రవారం పీరియడ్ నాకిస్తారేమో అడుగుదామనుకుంటున్నా."

అన్నట్టే శుక్రవారం నాడు ఖాజా సారు ఆమె గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "పిల్లలూ, ఈ పీరియడ్ నాది. గ్రౌండుకి రండి, రివిజన్ ఉంది." క్లాసంతా "అబ్బా సార్, ఇవాళొద్దు సార్" అని మూలిగింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో కబడ్డీ అంటే మూలిగిన పిల్లల్ని దీవెనమ్మ చూడలేదు. వీళ్ళు తనని సంతోషపెట్టడానికి నటిస్తున్నారేమోనని కూడా అనుమానపడింది.

మార్కులూ పరీక్షా లేవు కాబట్టి ఖాజా సారు వదిలేసిన శుక్రవారాల్లో ఆమె ఏం చెబుతోందో ఎవరూ పట్టించుకోలేదు. పోర్షన్ పూర్తిచెయ్యాల్సిన పని లేక, ఆమె నోటికొచ్చిన లెక్కల్లా ఇస్తూ పోయింది. సోలార్ పందిరి వంపు ఇంకాస్త పెంచితే నీడ ఎంత జరుగుతుంది, రేపు సముద్రం పోటు గిలకలదిండి రోడ్డు మీదికి ఎప్పుడొస్తుంది, ఇలాంటివి. గంట కొట్టగానే సగంలో వదిలేసేది.

కొన్నాళ్ళకి తోటపని పీరియడ్లో కెజియా కనబడటం మానేసింది. ఇంకా కొందరు పిల్లలు కూడా. దీవెనమ్మకి మళ్ళీ అనుమానమొచ్చింది. ఎవరో వీళ్ళని ఏరి బయటికి తోలుతున్నారు, ఏ చాకిరీకో పెడుతున్నారు అనుకుంది. కోపంతో ఊగిపోతూ బెత్తం పట్టుకుని బడి వెనక షెడ్డు దగ్గరికి వెళ్ళింది.

పిల్లలంతా నేల మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో తడిమట్టి మీద పుల్లతో గీసిన పెద్ద త్రిభుజం. కెజియా ఎవరితోనో పోట్లాడుతోంది. "కాదెహె, ట్యాంకు ఎత్తు తెలుసు, కోణం తెలుసు. ఎనిమిదింటికి నీడ మా సందు మొగదాకా వస్తుంది. తాతయ్య ఆటో అక్కడ పెట్టుకుంటే చాలు."

ఆమెని చూడగానే పిల్ల తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది. "మామ్మా... మేడం, మరే, తోటపని రికార్డు తర్వాత రాసేస్తాం. సార్ తో చెప్పకండి మేడం."

దీవెనమ్మ బెత్తాన్ని వెనక్కి దాచుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నేనేం చూళ్ళేదు" అని గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆ రాత్రి ఆమెకి కమ్మగా నిద్రపట్టింది.

ఏడాది చివర హయగ్రీవ్ టోపీతో బడికొచ్చాడు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కొలిచాడు. ఈతకి పసుపు, పాటకి పసుపు. కబడ్డీ అనగానే చాలామందికి ఎరుపొచ్చింది. "త్రికోణమితి" అనగానే తెర పచ్చని వరిచేనైంది. ఆయన పరుగులాంటి నడకతో స్టాఫ్ రూముకి వచ్చాడు.

"మేడం, మీరు గెలిచారు! మీ పిల్లల శేషం రాష్ట్రంలోకెల్లా ఎక్కువ. కమిటీకి చెప్పేశాను. వచ్చే ఏడాది నుంచి లెక్కలు అందరికీ తప్పనిసరి. రోజూ పీరియడ్, వంద మార్కులు!"

ఒక ఏడాది కిందటైతే ఆమె ఆయనకి దణ్ణం పెట్టేది. ఇప్పుడూ పెట్టింది. "వద్దండీ డాక్టరుగారూ, మీకు పుణ్యముంటుంది. మార్కులొద్దు. దాన్ని అలాగే వదిలెయ్యండి."

ఇక నా చేతుల్లో లేదన్నాడు హయగ్రీవ్. ఆమె ఛైర్మన్ కి ఫోన్ చేస్తే ఆయన కసురుకున్నారు. "అప్పుడు బల్ల గుద్ది మార్కులడిగింది మీరే కదమ్మా. ఇప్పుడిస్తుంటే వద్దంటారేంటి? ఇందులో ఏదో మతలబుంది." అనుమానం ఇన్నాళ్ళకి చేతులు మారింది.

కొత్త ఏడాది లెక్కలు పోర్షన్ తో సహా వచ్చి పడ్డాయి. మొదటి స్లిప్ టెస్టు అయిన మర్నాడు, నీడల లెక్క చెబుతుంటే కెజియా లేచింది. ఏదో కొత్త దారి చెబుతుందని దీవెనమ్మ ఆశగా చూసింది.

"మేడం, ఇది ఇంపార్టెంటా? ఎన్ని మార్కులకి వస్తుంది?"

దీవెనమ్మ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. మిగతా పిల్లలందరూ కూడా పెన్ను మూతలు తీసి అదే జవాబు కోసం చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కరి కళ్ళూ వెలగడం లేదు. టోపీ తన తలలోంచి లాగిన ఆ తడిమట్టి వాసనే ఆ రోజంతా ఆమెని వెంటాడింది. ఆ డాక్టరు అబద్ధమాడలేదని మొదటిసారి ఒప్పుకుంది.

మర్నాడు పీరియడ్ గంట కొట్టగానే ఆమె గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఒక్కరు కూడా లోపలికి రాకండి. ఇది మీకు కాదు. పోయి కిటికీ కింద మొక్కలకి నీళ్ళు పొయ్యండి."

పిల్లలు బిత్తరపోయి డబ్బాలు పట్టుకున్నారు. దీవెనమ్మ తలుపేసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, ఖాళీ బెంచీలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. రోజూ అంతే. పోర్షన్ ఆగిపోయింది, స్లిప్ టెస్టులు ఆగిపోయాయి. కబురు ఊరంతా పాకింది. పేద పిల్లల్ని లెక్కల గదిలోంచి గెంటేస్తున్న టీచరు అని వార్తల్లో వేశారు. సంజాయిషీ అడుగుతూ తాఖీదు వచ్చింది, ఉద్యోగం పోయేలా ఉందని ఖాజా సారు కూడా భయపెట్టాడు. ఆమె దేనికీ జవాబివ్వలేదు. నిజం చెబితే దాన్ని కూడా సిలబస్ లో పెడతారని ఆమె భయం.

యేసుపాదం ఆటో బడి గేటు దగ్గర కీచుమని ఆగింది. లుంగీ ఎగ్గట్టి, తిట్టాల్సినవన్నీ నోట్లో నింపుకుని, వాచ్ మన్ ని తోసుకుని లోపలికొచ్చాడు. తోటలో మనవరాలి చేతిలో రేకు డబ్బా చూసేసరికి ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏమే దీవెనా! నా మనవరాలి చేతికి కూడా..."

"ష్! తాతయ్యా, వినపడట్లేదు" అంది కెజియా.

అప్పుడు చూశాడు. పిల్లలందరూ కిటికీ కిందికి చేరి తలలు పైకెత్తి ఉన్నారు. ఒకడి డబ్బాలోంచి నీళ్ళు ధారగా పోయి బంతిమొక్క మునిగిపోతోంది, వాడికి ఆ ధ్యాసే లేదు. అందరి కాళ్ళ దగ్గరా మట్టి మీద త్రిభుజాలున్నాయి. లోపల ఖాళీ గదిలో చెల్లెలు బోర్డు మీద రాస్తూ, ఎవరితోనో తగువుపడుతున్నంత గట్టిగా లెక్క చెబుతోంది.

దీవెనమ్మ ఇటు తిరిగింది. కిటికీ ఊచల అవతల అన్న మొహం కనబడింది. ఒకప్పుడు అదే మాదిరి కిటికీ కింద ఇద్దరుండేవాళ్ళు. లోపలికి రా అన్నా, కూర్చో అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"అక్కడెవరు? ఇది మీకు కాదు, నీళ్ళు పోసుకోండి!" అని కసిరి, మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

యేసుపాదం లుంగీ సర్దుకుని, కిటికీ కింద తడినేల మీద మనవరాలి పక్కన చతికిలబడ్డాడు.

"ఏమంటోందే?" అన్నాడు గొంతు తగ్గించి.

కెజియా పుల్లతో మట్టి మీద గీత గీసి చూపించింది. లోపల దీవెనమ్మ ఆ లెక్కనే మొదటి నుంచీ, ఇంకాస్త గట్టిగా, మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.